రెండు వందల మూడు ఎంతకు పోయింది

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ ఐదు ఇళ్ళు చూశాం. ఐదింటి దగ్గరా ఒకటే ప్రశ్న: "మీ బడ్జెట్ ఎంత మేడం?" అమ్మేది వాళ్ళు. ధర చెప్పాల్సింది నేనట!

పదిహేడేళ్ళుగా తూనికలు కొలతల శాఖలో ఉద్యోగం చేస్తున్నాను. సబ్బు మీద ధర అచ్చు వేయకపోతే కేసు రాస్తాం. నీళ్ళ సీసాకు రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నాడని స్టేషన్ దగ్గర ఒక కొట్టువాడికి ఫైను పడేలా చేశాను. అలాంటిది, మనిషి జన్మంతా కూడబెట్టి కొనే ఇంటి మీద మాత్రం ధర ఎక్కడా రాసి ఉండదు. ఇదే మాట దారిలో మా ఆయనతో అన్నాను.

"ఇల్లు సబ్బు గాదు గద లతా," అన్నాడు.

రాణీగంజ్‌లో బోరు మోటార్లు అమ్ముతాడు. ఆయన షాపులో కూడా మనిషి మొహం చూసి రేటు చెప్తారు. ఆయనకు ఇందులో వింతేం కనిపిస్తుంది?

కాళ్ళు లాగుతున్నాయి. చిలకలగూడ ఓనరు ఆగస్టు పదిహేనుకల్లా ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఇక అద్దెకు మాత్రం వెళ్ళను. ఇరవై ఏళ్ళలో ఆరు ఇళ్ళు మారాను, చాలు.

ఏప్రిల్ 27

యాప్రాల్‌లో ఒకటి నచ్చింది. రెండో అంతస్తు, 203. వంటింట్లోకి పొద్దుటి ఎండ వస్తుంది. వంటగట్టు సరిగ్గా నా ఎత్తుకు ఉంది, నడుం వంచక్కర్లేదు. నచ్చినట్టు మొహంలో కనపడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను. కనపడితే లక్ష పెరుగుతుంది.

ఓనరు పేరు యుగంధర్. డెబ్బై లక్షలు అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "డాక్యుమెంట్ల ముప్పై అయిదు రాస్కుందం, మిగిలింది చేతిల ఇయ్యుండ్రి. మీకు స్టాంపుల ఖర్చు తగ్గుతది, నాకు ట్యాక్సు తగ్గుతది," అన్నాడు. నాకేదో మేలు చేస్తున్నట్టు!

నేను గవర్నమెంటు ఉద్యోగినండీ, ఇల్లు కొంటే ధర ఎంతో, డబ్బు ఎక్కడిదో ఆఫీసుకు రాసిచ్చి సంతకం పెట్టాలి, చేతిలో ఒక్క రూపాయి పెట్టను అని చెప్పాను. యుగంధర్ మా ఆయన వైపు చూసి నవ్వాడు. ఒళ్ళు మండింది.

ఆ బిల్డింగులో ఎవరు ఎంతకు కొన్నారో వాళ్ళనే అడుగుదామని పైకి వెళ్ళాను. 304లో విమలమ్మ అని, అరవై దాటిన ఆవిడ. మంచినీళ్ళిచ్చింది, కూర్చోమంది. గోడలకు ఎన్ని డబ్బాల రంగు పట్టిందో, గ్రానైటు ఎక్కడి నుంచి తెప్పించారో, తలుపుకు ఎంత టేకు పట్టిందో అన్నీ చెప్పింది. మీరు ఎంతకు కొన్నారమ్మా అని అడగ్గానే మొహం ఎటో తిప్పుకుంది.

"నాకు తెల్వదు బిడ్డా. గవన్ని మా ఆయననే చూసుకునెటోడు."

ఆ ఆయన పోయి రెండేళ్ళయిందట. పోయిన మనిషి మీదికి తోసేస్తే అయిపోయింది! మెట్లు దిగుతూ, వినపడితే వినపడనీ అని గట్టిగానే అన్నాను. "తెల్వదంట! ఉంటున్న ఇంటి ధర తెల్వని ఆడమనిషి ఉంటదా ఎక్కడన్న? ఒక్కళ్ళు నిజం చెప్పరు."

"మెల్లగ, మెల్లగ," అన్నాడు మా ఆయన.

మే 4

కంప్యూటర్ ముందు రెండు గంటలు. ప్రభుత్వం లెక్కలో ఆ ఇంటి విలువ ముప్పై నాలుగు లక్షలు. యుగంధర్ లెక్కలో డెబ్బై. అదే బిల్డింగులో పోయినేడు అమ్ముడైన 102కు రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నది ముప్పై అయిదు. బ్రోకరును అడిగితే, "102 అరవై ఎనిమిదికి పోయింది మేడం, నా చేతుల మీదనే అయింది," అన్నాడు. అంటే సర్కారు దగ్గర ఒక అంకె, బ్రోకరు దగ్గర ఒక అంకె. కొనడానికి వచ్చిన నాలాంటిదానికి ఏదీ లేదు.

తక్కెడలో ఇరవై గ్రాములు తేడా వస్తే మేము తక్కెడ ఎత్తుకొచ్చేస్తాం. ఇక్కడ తేడా ముప్పై మూడు లక్షలు, అడిగే నాథుడు లేడు!

మే 11

కాంతమణి వదిన వచ్చింది. మా ఆయన అక్క. బోయిన్‌పల్లి మార్కెట్లో వాళ్ళకు ఉల్లిగడ్డల కమీషన్ కొట్టుంది. వచ్చినప్పుడల్లా ఒక సంచి కూరగాయలు తెస్తుంది, అవి అయిపోయేదాకా నాకు సలహాలు చెప్తుంది.

"ఇల్లు మంచిగున్నదంటే కొను తమ్మీ. నేను లేనా?"

నువ్వుండి ఏం చేస్తావు వదినా, లోను ఇచ్చేది బ్యాంకు, కట్టేది నా జీతం అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మే 14

యుగంధర్ అరవై ఆరు దగ్గర బిగుసుకున్నాడు. మేము యాభై రెండు దాటలేం. బ్యాంకు ముప్పై ఎనిమిది ఇస్తానంది. నా పీఎఫ్, ఆయన దాచింది, నా గాజులు కలిపితే మిగతాది. అంతే. ఆ ఇల్లు పోయినట్టే. ఆ వంటగట్టు ఎవరికి రాసిపెట్టి ఉందో.

మే 25

నెగ్గాను!

యుగంధర్ యాభై రెండుకు ఒప్పుకున్నాడు. మొత్తం డాక్యుమెంటులోనే. చేతిలో పైసా లేదు! నేను వెళ్ళలేదు, ఆదివారమైనా ఆఫీసు పని పడింది. మా ఆయన, వదిన వెళ్ళి మాట్లాడి వచ్చారు. పద్నాలుగు లక్షలు ఎట్లా దిగాడని పదిసార్లు అడిగాను.

"ఆయనకు పైసలు అర్జెంటున్నయట. ఊకె తవ్వకు లతా, అయింది గద," అన్నాడు మా ఆయన.

ఆలోచిస్తే సబబే. పడమటి గుమ్మం. లిఫ్టు నెలకోసారి మొరాయిస్తుందని విన్నాను. పార్కింగులో స్తంభం అడ్డం. తగ్గాల్సిందే మరి. అన్నిటికంటే, చేతిలో డబ్బు పెట్టనని మొదటి రోజే గట్టిగా చెప్పాను కదా. అట్లా నిలబడితే ఎవరైనా దిగొస్తారు. జనం నిలబడరు, అదే వచ్చిన తంటా.

జూన్ 22, ఆదివారం

రేపు రిజిస్ట్రేషన్. మళ్ళీ ఆషాఢం వచ్చేస్తుందని తొందర. ఇవాళ ఇంటి తాళాలు, మీటర్లు చూసుకోవాలని మా ఆయన, వదిన యాప్రాల్ వెళ్ళారు. నేనూ వస్తానంటే ఎండ అన్నారు. జూన్ నెలలో మబ్బు పట్టి ఉంటే ఎండేమిటో! వదిన చేతిలో మార్కెట్ సంచి, పైన కొత్తిమీర కట్టలు. ఇంట్లో పాలు పొంగకముందే కూరగాయలేంటి వదినా అన్నాను.

"యుగంధర్ ఇంటోల్లకు. జెర మంచిగుండాలె గద," అంది.

ఎప్పుడూ నా చేతికి అందించే సంచిని ఇవాళ ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఈవిడ మర్యాదలు నాకు అర్థం కావు.

జూన్ 23

అయింది. సంతకాలు, వేలిముద్రలు, ఫోటో. ఫోటోలో నా మొహం దొంగలా ఉంది. అయినా సరే. ఇల్లు మాది. కాగితంలో నా పేరు ముందు, ఆయన పేరు తర్వాత.

జూన్ 30

ఇల్లు కొన్న వివరం ఆఫీసుకు రాసిచ్చాను. ధర: రూ. 52,00,000. డబ్బు ఎక్కడిది: లోను, పీఎఫ్, భర్త పొదుపు, గాజులు. ఇది తప్ప వేరే మొత్తమేదీ చెల్లించలేదు అని నా చేత్తో నేనే ఒక వాక్యం కలిపాను, ఎవరూ అడక్కపోయినా. మా సూపరింటెండెంట్ మాధురి మేడం చదివి, "ఇంత క్లియర్‌గా ఎవరూ రాయరు కల్పలతా," అన్నారు. సాయంత్రం దాకా గాల్లో తేలాను.

ఆగస్టు 10

గృహప్రవేశం. పాలు పొంగాయి. నా రక్తం అంతకంటే ముందే పొంగింది.

ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో వదిన చెప్పింది. పరదాలు ఆకుపచ్చవి వేయమంది. వచ్చిన ప్రతివాళ్ళకూ ఇల్లంతా తిప్పి చూపించింది, "మన ఇల్లు, మన ఇల్లు" అంటూ. పెద్ద బెడ్‌రూంలో అల్మారా ఒక అర ఖాళీ చేయించి, తన పట్టుచీరలు రెండు పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది! బోయిన్‌పల్లిలో మూడంతస్తుల ఇల్లున్న మనిషికి నా అల్మారా ఎందుకు? వంటింట్లోకి లాగి మా ఆయన్ను అడిగాను, ఏమిటి ఈవిడ దర్జా అని.

"అక్క గద. పోనీ," అన్నాడు. ఆయన దగ్గర అన్నిటికీ ఒకటే మందు, పోనీ.

ఆగస్టు 31

పొద్దుటి ఎండలో చాయ తాగాను. మొత్తం ఇరవై నిమిషాలు ఎవరి మీదా కోపం రాలేదు.

సెప్టెంబర్ 9

వచ్చింది. ఇంటి పన్ను. యుగంధర్ ఇచ్చిన పాత రసీదులో ఏడాదికి రెండు వేల ఆరు వందలు. నాకు నాలుగు వేల తొమ్మిది వందలు! అదే ఇల్లు. నేను వచ్చి అందులో ఏం పెంచాను, పరదాలు తప్ప?

సెలవు పెట్టి వార్డు ఆఫీసుకు వెళ్ళాను. బిల్ కలెక్టర్ బిక్షం నెమ్మదైన మనిషి. కుర్చీ వేశాడు.

"మేడం, పాత సారు ఇల్లు కట్టినప్పుడు ఏడు వందల అడుగులని రాసిచ్చిండు. మీ డాక్యుమెంట్ల పదకొండు వందల యాభై ఉన్నది. రిజిస్ట్రేషన్ కాంగనే గదే ఎక్కింది."

"మరి బిల్డింగులో మిగతావాళ్ళవి?"

"ఎవలిది వాళ్ళే రాసిచ్చుకున్నరు మేడం, గప్పట్ల. మల్ల అమ్మినప్పుడే బయటపడ్తది. లేకపోతే ఎవలన్న కంప్లైంట్ ఇస్తే పోయి కొలుస్తం. మీరు ఇస్తరా?"

పెన్ను కూడా తీశాడు. ఇరవై ఇళ్ళు, ఇరవై మొహాలు కళ్ళ ముందు తిరిగాయి. ఆలోచించి చెప్తానని లేచి వచ్చేశాను.

అంటే నిజం రాసినందుకు నాకు ఏటా రెండు వేల మూడు వందల జరిమానా. బాగుంది!

సెప్టెంబర్ 14

ముందు మిగతావాళ్ళు ఎంత కడుతున్నారో చూద్దామని బయల్దేరాను. పై అంతస్తులో 301, పోలరాజు గారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు, రైల్వేలో చేసి రిటైరయ్యారు.

"పన్ను రసీదాండీ? మా ఆవిడెక్కడ పెట్టిందో ఏటో! నాకేటి తెలుస్తాదండీ మేడం గారూ?"

రసీదు ఆయన వెనకాల గోడకు మేకుకు గుచ్చి ఉంది. ఫ్యాను గాలికి టపటపా కొట్టుకుంటోంది! అదేమిటండీ అని చూపించాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, "అదా, అది కరెంటుదండీ," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్ల మీద నిలబడి అందరికీ వినపడేలా చెప్పాను, పూర్తి ధర రాయించి, పూర్తి కొలత చూపించి, పూర్తి పన్ను కట్టేది ఈ బిల్డింగులో నేనొక్కదాన్నే అని. పోలరాజు గారి భార్య రాజులమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. విమలమ్మ గుమ్మంలోనే నిలబడి నన్ను కాసేపు చూసింది.

"గట్లనా బిడ్డా," అంది.

ఆ చూపు అదోలా ఉంది. సిగ్గుపడి ఉంటుంది.

అక్టోబర్ 5

పన్ను కట్టేశాను. కంప్లైంట్ ఇవ్వలేదు. ఎవరి పాపం వాళ్ళది. నాది మాత్రం శుభ్రంగా ఉంది.

అక్టోబర్ 12, ఆదివారం

విమలమ్మ ఇల్లు అమ్మకానికి పెట్టింది. మోకాళ్ళు పూర్తిగా అరిగాయి, లిఫ్టు ఆగిపోయిన రోజు మూడంతస్తులు ఎక్కలేకపోతోంది. సిద్దిపేటలో చెల్లెలి ఇంటి పక్కన కింది పోర్షన్ ఇల్లు చూసుకుందట. ఇది అరవై ఎనిమిదికి పోతే తప్ప అది కుదరదట. పోలరాజు గారు చెప్పారు, రసీదు సంగతి నేను మర్చిపోయాననుకుని.

చూడటానికి ఒక అమ్మాయి వచ్చింది. లాస్య. పాతికేళ్ళు దాటి ఉంటాయి. పై నుంచి దిగివస్తూ మా తలుపు కొట్టింది. "ఆంటీ, ఒక్కటి అడుగుతా, ఏమనుకోకుండ్రి. మీరు ఎంతకు కొన్నరు? నెలనుంచి తిరుగుతున్న, ఎవ్వరు నిజం చెప్తలేరు. పరేషాన్ అయితున్నది."

ఆంటీ అన్నందుకు కోపం రావాల్సింది. రాలేదు. ఏప్రిల్‌లో ఈ మెట్ల మీద నేను ఎట్లా నిలబడ్డానో అట్లాగే నిలబడింది. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, డాక్యుమెంటు కాపీ తీసి చేతిలో పెట్టాను. యాభై రెండు. చూసుకోమ్మా, ఒక్క పైసా దాపరికం లేదు.

"ఇంత ఓపెన్‌గ ఎవ్వరు చెప్పలే ఆంటీ!" అని నా చేతులు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

ఇదిగో, ఇట్లా ఉండాలి మనుషులు అనుకున్నాను. నా గురించే.

అక్టోబర్ 13

రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

సాయంత్రం విమలమ్మ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏం చేసినవే పిల్లా! నా ఇల్లు చూసిపోయిన పిల్ల యాభై రెండు కంటె ఒక్క రూపాయి ఎక్కువియ్యనంటుంది. నీ కాగితం చూపెట్టినవట."

"ఉన్న నిజం చెప్పానమ్మా. నేను కొన్నది అంతకే."

"ఏం నిజం? ఎవలకు చెప్తున్నవు? నీ ఆడబిడ్డ సంచి తేలేదా? పైన కొత్తిమీర, కింద పైసలు! యుగంధర్ ఇంట్ల సామాన్లు కట్టెటోల్లు ఉన్నరని నా ఇంట్లనే కూసున్నరు, నా డైనింగ్ టేబుల్ మీదనే లెక్కవెట్టిండ్రు. చాయ నేనే వెట్టిన. నీ మొగడు రెండు కప్పులు తాగిండు! బిల్డింగుల అందరికి ఎరుకనే. మెట్ల మీద నిలబడి నువ్వు సత్తెకాలపుదాని లెక్క మాట్లాడుతుంటే, పోనీలే అని నోరు మూసుకున్నం."

ఎంత అని అడిగాను. మళ్ళీ అడిగాను.

"నాకేం ఎరుక? నేను వంటింట్ల ఉన్న."

ఆమె వెళ్ళాక వెనక పేజీలు తిప్పాను. జూన్ 22. కొత్తిమీర కట్టలు అని నేనే రాశాను. నా చేతిరాతే.

అక్టోబర్ 14

మాట్లాడలేదు.

అక్టోబర్ 15

మాట్లాడలేదు. ఉప్మాలో ఉప్పు వేయలేదు. ఆయన ఏమీ అనకుండా తిన్నాడు. అప్పుడే తెలిసింది, నాకు తెలిసిపోయిన సంగతి ఆయనకు తెలిసిందని.

అక్టోబర్ 16

"ఎంత?" అన్నాను.

చెప్పులు విప్పుతున్నవాడు విప్పుతూనే ఉన్నాడు. "పద్నాలుగు. అక్క ఇచ్చింది."

"నాకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే కొననిస్తుంటివా? నువ్వు ఆ వంటింట్ల నిలబడి గట్టు మీద చెయ్యి పెట్టి చూసినవు గద, నేను సూడలేదా? ఇంక ఎన్ని ఇండ్లు తిరగాలె? నువ్వు రూల్సు, రూల్సు అంటవు. గిట్లనే కొంటరు లతా అందరు. తిరిగియ్యమని అక్క అడగదు. ఇంట్ల తనదొక వాటా ఉన్నదనుకుంటది, గంతే."

వాటా! అల్మారా, తాళంచెవి, ఆకుపచ్చ పరదాలు. మన ఇల్లు, మన ఇల్లు. నేను ఎంత మొద్దును!

"నేను ఆఫీసుకు రాసిచ్చిన. వేరే మొత్తమేదీ చెల్లించలేదని నా చేత్తో రాసి సంతకం పెట్టిన. రేపు ఎవరన్న అడిగితే నా ఉద్యోగం ఏం గావాలె?"

"ఎవరు చూస్తరే గవన్ని?"

ఎవరు చూస్తారట. పదిహేడేళ్ళు నేను చేసిన ఉద్యోగమే అది, చూడటం. గిన్నె విసిరేశాను. ఖాళీదే. ఆయన వంగి తీసి కడిగి బోర్లించాడు. దాంతో ఇంకా కోపం వచ్చింది. నాకోసం చేశాడు, అది నాకు తెలుసు. అదే మింగుడుపడటం లేదు.

అక్టోబర్ 18

బోయిన్‌పల్లి వెళ్ళాను, ఒక్కదాన్నే. వదిన ఉల్లిగడ్డ బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. పద్నాలుగు లక్షలు ఇచ్చారట కదా వదినా అన్నాను.

"పద్నాలుగేంది? పద్దెనిమిది ఇచ్చిన. వాడు పద్నాలుగన్నడా?"

అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. "అక్క ఇప్పుడు మిత్తి కలిపి చెప్తుంది," అన్నాడు. వడ్డీ అట! ఫోను స్పీకర్లో ఉంది. వదిన లేచి నిలబడింది. "తమ్ముని దగ్గర మిత్తి తీసుకునే దాన్నారా నేను?" మార్కెట్లో హమాలీలు కూడా ఆగి చూశారు.

యుగంధర్‌కు చేశాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "ఏం పైసలు మేడం? డాక్యుమెంట్ల యాభై రెండున్నది. గంతే. నాకు వేరే ఏం తెల్వదు."

అమ్మినవాడు యాభై రెండంటాడు. మొగుడు అరవై ఆరంటాడు. ఆడబిడ్డ డెబ్బై అంటుంది. ముగ్గురూ ఒట్టు పెడతారు. నాలుగు లక్షలు ఎక్కడ ఆగాయో, అసలు ఆగాయో లేదో. వాళ్ళు లెక్కపెట్టేటప్పుడు నేను ఎక్కడున్నాను? చిలకలగూడలో, ఎండ అన్నారని, ఇంట్లో.

అక్టోబర్ 23

పండగ అయింది. దీపాలు పెట్టాను. విమలమ్మకు నాలుగు అరిసెలు తీసుకుని పైకి వెళ్ళాను. బేరం చెడిపోయినందుకు క్షమించమన్నాను. సిద్దిపేట వాళ్ళు నెలాఖరు దాకే ఆగుతామన్నారట. ఇంకోళ్ళెవరన్నా వస్తారేమోనని చూస్తోంది.

"ఒక్కటి చెప్పాల్నా బిడ్డా," అంది. "ఆ పొద్దు నువ్వు మెట్ల మీద అన్నది నేను ఇన్న. ఉంటున్న ఇంటి ధర తెల్వని ఆడది ఉంటదా అంటివి. నాకు నిజంగనే తెల్వదు. మా ఆయన పోయినంక కాగితాలు తీసి చూస్తే ఇరవై ఆరున్నది. మా మరిది నలభై అంటడు. నా పుస్తెల తాడు సుత పోయింది అండ్ల, ఎంతకు పోయిందో తెల్వదు. ఇప్పుడు ఎంతకమ్మాల్నో తెల్వక పోలరాజును అడిగిన. ఆయన అరవై ఎనిమిదను అన్నడు, అన్న."

అరిసె తుంచి సగం నా చేతిలో పెట్టింది.

అక్టోబర్ 24

ఆఫీసుకు సవరణ కాగితం రాద్దామని కూర్చున్నాను. "ఇంటి అసలు ధర: రూ." దాకా రాసి ఆగిపోయాను.

అక్టోబర్ 26, ఆదివారం

కాగితం బల్ల మీద అట్లాగే ఉంది. మా ఆయన దాని చుట్టూ తిరుగుతున్నాడు గాని ముట్టుకోవడం లేదు. "అరవై ఆరని రాయి. నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడొకసారి. లేదని అనలేదు, ఉందని కూడా అనలేదు.

పదకొండింటికి లాస్య వచ్చింది. ఈసారి లోపలికి రాలేదు.

"ఆంటీ, మీరు యాభై రెండన్నరు. పైన ఆంటీ అది అబద్ధమంటుంది. ఆమె మాట నమ్మాల్నా, మీ మాట నమ్మాల్నా? ఒక్కటే అడుగుతున్న. అసలు మీరు ఎంతకు కొన్నరు?"

యాభై రెండు నాలుక మీదికి వచ్చింది. అరవై ఆరు వచ్చింది. డెబ్బై వచ్చింది. వెనకాల మా ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు.

"నాకు తెల్వదమ్మా," అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏప్రిల్‌లో అది నా మొహం మీద ఉంది. ఇంకేమీ అడగకుండా తిరిగి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతూ, నేను వింటే విననీ అన్నట్టు ఫోనులో గట్టిగానే చెప్తోంది. "ఈమె సుత మాట మార్చింది. తెల్వదంట! ఉంటున్న ఇంటి ధర తెల్వదంట!"

చెప్పులు లేకుండానే రెయిలింగు దగ్గరికి ఉరికాను. "లాస్యా! నువ్వు ఏ ఇల్లు కొన్నా సరే, పైసలు లెక్కపెట్టేటప్పుడు నువ్వు ఆ టేబుల్ దగ్గర కూర్చో. ఎండ అంటరు, చాయ పెట్టమంటరు. వినకు. అక్కడనే కూర్చో."

ఆమె తలెత్తి, పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పైన విమలమ్మ తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

లోపలికి వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. మా ఆయన పేపరు దించాడు. "ఇంటి అసలు ధర: రూ." పక్కన "నాకు తెలియదు" అని రాశాను. సంతకం పెట్టాను. రేపు మాధురి మేడం చేతికి ఇస్తాను.